సన్నం చేయమన్న పిడి: ఒక గాలం కర్ర కేస్ స్టడీ

ఇన్నేళ్ళలో చాలా పిడులు చేశాను. మొదటినుంచి చివరిదాకా కాగితం మీద రాసి పెట్టుకున్న కేసు మాత్రం ఇదొక్కటే. బాగా కుదిరిందని రాయలేదు. మూడు చోట్ల తప్పాను. మూడు చోట్లా ఆ సమయానికి నేను చేసింది సబబేననిపించింది. తెలియక చేసిన తప్పును మర్నాడు మర్చిపోతాం. తెలిసినవాడిలా ఆలోచించి మరీ చేసిన తప్పు ఎక్కడ మొదలైందో వెతుక్కోవాలి.

మనిషి ఆనవాళ్ళు మార్చాను. ఇక్కడ ఆయన్ని మాస్టారు అంటాను. ఊరు గోదావరి డెల్టాలో ఒక కాలవగట్టు ఊరు అనుకోండి, చాలు. కొలతలు మాత్రం నా పుస్తకంలో ఉన్నవే.

నేపథ్యం

నాది చెక్క లేతు పని. ఏటికొప్పాక తరహాలో లక్క అద్దడం నేర్చుకున్నాను గానీ, బొమ్మలకన్నా మంచం కోళ్ళూ మెట్ల కటకటాలూ ఎక్కువ చేశాను. గాలం కర్రల పిడులు పక్కపనిగా మొదలయ్యాయి. రాడ్ విరిగితే కొత్తది కొనుక్కునేవాళ్ళు నా దగ్గరికి రారు. అతికించుకునేవాళ్ళు, పాతదాని నుంచి కొత్తది తయారు చేసుకునేవాళ్ళు వస్తారు.

మాస్టారు రెండో రకం. అరవై దాటాయి, ఉద్యోగం అయిపోయింది, కొరమీను వేట మిగిలింది. కొరమీను గాలి పీల్చుకోడానికి పైకొస్తుంది. అందుకని గుర్రపుడెక్కకీ తూటికాడకీ మధ్య కాస్త నీళ్ళు కనబడిన చోటల్లా రబ్బరు కప్పను విసిరి, నీటి మీద గంతులేయిస్తూ లాక్కోవాలి. గట్టున కూర్చుని బెండు మునుగుతుందా అని చూసే వేట కాదిది. పొద్దుటి రెండు గంటల్లో నూటయాభై, రెండొందల సార్లు విసరాల్సి వస్తుంది. చేప పడిందంటే డెక్కలోకి దూరకముందే బలంగా ఎత్తెయ్యాలి. పిడి బాగుందో లేదో ఇలాంటి వేటలో అరగంటకే తెలిసిపోతుంది.

విరిగిన పాత రాడ్ ఒకటి తీసుకుని, ముక్క కోసి, దారం పోయే గైడ్ రింగులు ఊడదీసి, దారంతో మళ్ళీ కట్టుకుని ఏడడుగుల ఫైబర్‌గ్లాస్ కర్ర తయారు చేసుకున్నారాయన. దారం కట్టు ముచ్చటగా ఉంది, నాకు చేతకానంత నేర్పుగా చుట్టారు. పిడికి ఆన్‌లైన్లో కార్కు బిళ్ళలు తెప్పించి అతికించుకున్నారు. దారం చుట్టుకునే రీలును పట్టి ఉంచే రీలుసీటు పెట్టలేదు. కార్కు గొట్టం మీదే రీలు కాలు, అంటే రీలు అడుగు పట్టీ, పెట్టి, రెండు లోహపు రింగులు రెండు వైపుల నుంచి జరిపి బిగించారు. రీలుసీటు లేకుండా కార్కు మీదే రీలు కట్టుకునే ఇలాంటి పిడిని అమెరికా వేటగాళ్ళు టెన్నెసీ పిడి అంటారు. తేలికగా ఉంటుంది, రీలును మనకు నచ్చిన చోటికి జరుపుకోవచ్చు. చిక్కల్లా ఒకటే: చెయ్యి పట్టేది నేరుగా ఆ కార్కునే కాబట్టి, దాని లావులో తప్పుంటే దాక్కోడానికి చోటుండదు.

పనిలోకి దిగేముందు ఒక మాట. మనం కార్కును కూడా బెండే అంటాం. దాంతో కొందరు పెళ్ళి బాసికాలు చేసే జీలుగు బెండుతో పిడి చెయ్యొచ్చు కదా అని అడుగుతారు. అది వేలితో నొక్కితే సొట్టపడి అలాగే ఉండిపోతుంది. కార్కు ఒక రకం ఓక్ చెట్టు బెరడు. నొక్కితే లొంగుతుంది, వదిలితే తిరిగొస్తుంది. ప్రపంచంలోని కార్కులో దాదాపు సగం పోర్చుగల్ నుంచే వస్తుంది. అక్కడ చెట్టుకి పాతికేళ్ళ వయసొచ్చాక మొదటిసారి బెరడు ఒలుస్తారు. ఆ తరవాత కనీసం 9 ఏళ్ళు ఆగాలని చట్టమే ఉంది. మొదటి ఒలుపు బెరడు గరుగ్గా, గుంటలు గుంటలుగా ఉంటుంది. మంచిది రావాలంటే మూడో ఒలుపుదాకా ఆగాలి. మన చేతికి చవగ్గా వచ్చే బిళ్ళల్లో గుంటలెందుకుంటాయో, మేలు రకం ఎందుకంత ధరో దీన్నిబట్టే అర్థమవుతుంది.

వచ్చిన సమస్య

మాస్టారు కర్రను బల్ల మీద పెట్టి ఒక్కటే మాటన్నారు. "లావు తగ్గించు బాబూ. చెయ్యి పట్టేస్తోంది."

అడగగా అడగగా మూడు బాధలు బయటికొచ్చాయి. అరగంట విసిరేసరికి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతోంది, మర్నాడు పొద్దున సీసా మూత తిప్పలేకపోతున్నారు. అరచేతిలో అడ్డంగా ఎర్రటి చారలు పడుతున్నాయి. పెద్ద చేప లాగినప్పుడు రీలు కాలు పక్కకి తిరుగుతోంది.

వెర్నియర్ పెట్టి చూశాను. పిడి అంతటా 22 మిల్లీమీటర్లు, ఎక్కడా వంపు లేని తిన్నటి గొట్టం. బిళ్ళకీ బిళ్ళకీ మధ్య ఎపాక్సీ జిగురు గీతలు గోటికి తగిలేలా పైకి లేచి ఉన్నాయి. గుంటల్లో కార్కు పొడి రాలుతోంది. రీలు కాలు కింద, రింగులు బిగించిన చోట, కార్కు మిల్లీమీటరున్నర నలిగి దిగబడింది.

అరచేతి చారలకి కారణం ఆ గీతలే. రీలు తిరగడానికి కారణం ఆ నలుగుడే. రెండూ కంటికి కనబడుతూనే ఉన్నాయి. కారణం కనబడనిది బొటనవేలి నొప్పి ఒక్కటే. దానికి కారణమేమిటో ఆయనే చెప్పేశారు కదా, లావు. ఇరవై ఏళ్ళుగా గాలం వేస్తున్న మనిషి తన చేతి గురించి చెబుతుంటే నేనెందుకు కాదంటాను? మొదటి తప్పు అక్కడే జరిగింది. ఆయన చెప్పిన మాటలో నొప్పి ఆయన అనుభవం, లావు ఆయన ఊహ. నేను రెంటినీ కలిపి అనుభవంగానే రాసుకున్నాను.

మొదటి ప్రయత్నం

ఉన్న పిడినే బాగుచేద్దామనుకున్నాను. కొత్త బిళ్ళలు తెప్పించాలంటే ఖర్చు, వారం పది రోజుల ఆలస్యం. బాగయ్యేదాన్ని పగలగొట్టడం నాకు నచ్చదు కూడా.

కర్రను లేతు మీద నెమ్మదిగా తిప్పుతూ 80 నంబరు ఉప్పుకాగితంతో మొదలెట్టి, 120, 220 మీదుగా 400 దాకా వెళ్ళాను. లావు 20 మిల్లీమీటర్లకి తెచ్చాను. గుంటల్లో కార్కు పొడి కలిపిన ఎపాక్సీ కూరాను. పొడి రాలకుండా, చెమట పీల్చకుండా ఉండాలని పాలీయురెథేన్ వార్నిష్ రెండు పూతలు వేశాను. రీలు కాలు కింద నలిగిన చోట కూడా అదే లప్పం నింపి చదును చేశాను.

చూడ్డానికి నిగనిగలాడుతూ కొట్లో కొన్నదానిలా ఉంది. మాస్టారు నిమిరి చూసి మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను.

తొమ్మిదో రోజుకి తిరిగొచ్చారు.

ఏది విఫలమైంది, ఎందుకు

నొప్పి పెరిగింది. తడిచేత్తో పట్టుకుంటే పిడి జారుతోంది. గీతలు మళ్ళీ తగులుతున్నాయి. గుంటల్లో నింపిన లప్పం నల్లటి చుక్కల్లా తేలి కనబడుతోంది. రీలు ఒక్కటి తిరగడం తగ్గింది, అదీ పూర్తిగా కాదు.

ముందు గీతల సంగతి చూశాను, అది తేలిక కాబట్టి. కార్కు మెత్తన, గట్టిపడ్డ ఎపాక్సీ రాయి. ఉప్పుకాగితాన్ని వేళ్ళతో నొక్కి పట్టుకుంటే కార్కు లోపలికి లొంగి అరుగుతుంది, జిగురు గీత లొంగదు, అరగదు. నొక్కు తీసేశాక కార్కు తిరిగి పైకొచ్చినా, అరిగినంత మేరా కిందే ఉంటుంది. లేతు మీద తిరుగుతున్నప్పుడు చేతికి అంతా నునుపుగానే తగులుతుంది. వారం వాడాక మెత్తటి భాగం ఇంకా అణిగి గీత నిక్కుతుంది. జిగురు మందంగా ఉన్నంతకాలం ఎన్నిసార్లు రుద్దినా ఇదే తంతు. అంటే అసలు తప్పు రుద్దడంలో లేదు, అతికించినప్పుడే జరిగిపోయింది.

జారడం గురించి ఆలోచిస్తే నామీద నాకే చిరాకేసింది. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో చూసి 'సెల్' అని పేరు పెట్టింది కార్కు ముక్కలోని గదులకే అని బళ్ళో చదువుకున్నదే. ఘనపు సెంటీమీటరులో దాదాపు 4 కోట్ల గదులుంటాయి, అన్నీ గాలితో నిండి. ఉప్పుకాగితంతో రుద్దిన ఉపరితలం మీద తెగిన గదులన్నీ నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. తడి చేతిని పట్టి ఉంచేది ఆ గరుకే. నేను రెండు పూతలతో ఆ నోళ్ళన్నీ మూసేశాను. చెమట పీల్చకుండా చేద్దామన్నది నా ఉద్దేశం. కార్కు నీళ్ళు పీల్చదనే కదా సీసాలకి బిరడాలుగా వాడేది! లేని జబ్బుకి మందేసి ఉన్న గుణం పోగొట్టాను.

నొప్పి మాత్రం అంతు చిక్కలేదు. లావు తగ్గించమన్నారు, తగ్గించాను, నొప్పి పెరిగింది. అలాంటప్పుడు తేలేది ఒకటే: కారణం లావు కాదు, సన్నం. ఆ మాట పైకి అనడానికి నాకు ఒక పూట పట్టింది. ఎందుకంటే అది ఆయన చెప్పినదానికి పూర్తిగా తిరగేసి ఉంది.

కొలత కోసం గుడ్డ టేపు

ఈసారి కర్ర తీసుకుని ఆయన్ని పంపెయ్యలేదు. పెరట్లోకి తీసుకెళ్ళి విసరమన్నాను. కొక్కెం తీసేసిన రబ్బరు కప్పను ఖాళీ స్థలంలోకి విసురుతుంటే చెయ్యి మాత్రమే చూస్తూ నిలబడ్డాను. నడివేలికీ ఉంగరపువేలికీ మధ్య రీలు కాడ ఉంటుంది. సన్నటి పిడి కాబట్టి వేళ్ళు పూర్తిగా చుట్టేసి, కొసలు అరచేతికి గుచ్చుకుంటున్నాయి. అరచేతి గుంటలో ఖాళీ ఉండిపోతోంది. ఆ ఖాళీలో కర్ర తిరగకుండా ఉండాలంటే బొటనవేలితో అదిమి పట్టాలి. ప్రతి విసురుకీ ఆ అదుము, రెండొందల సార్లు. కీళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళకి చెంచా, కలం లాంటివాటి పిడి లావు చేసి ఇస్తారని తెలిసిందే. అదే సూత్రం నా కళ్ళముందు కర్ర పట్టుకుని నిలబడి ఉంది.

మరి ఆయనకి లావుగా ఉన్నట్టు ఎందుకనిపించింది? రీలు కాలు వల్ల. పిడి 22 ఉన్నా, కాలు ఉన్న చోట దాని మందం కలుస్తుంది. చూపుడువేలు దారాన్ని అందుకోవాలంటే ఆ దిమ్మ మీంచి సాగాలి. ముందు భాగం నిజంగానే ఆయనకి లావు. వెనక భాగం సన్నం. మనిషికి చెయ్యంతా ఒకటిగానే నొప్పెడుతుంది, ముందూ వెనకా విడదీసి చెప్పలేడు.

దెబ్బలకి కట్టే గుడ్డ టేపు తెచ్చి, అరచేతి గుంట ఆనే చోట రెండు చుట్లు చుట్టాను. విసరమన్నాను. ఇంకో రెండు చుట్లు. మళ్ళీ విసరమన్నాను. 24, 26, 28. ఇరవై ఎనిమిది దగ్గర ఆయన ఏమీ అనకుండా వరసగా విసురుతూ పోయారు. 30 దగ్గర ఆగి చెయ్యి చూసుకుని, "ఇదయ్యా" అన్నారు. 32 చేస్తే వేళ్ళు అందక మళ్ళీ పట్టు బిగించాల్సొచ్చింది. ముందు భాగంలో ఉన్న వార్నిష్ గీకేసి, చూపుడువేలు కింద ఒక చోట 19 దాకా తగ్గించి చూశాం. అక్కడ ఆయనకి హాయిగా ఉంది.

ఆ టేపు చుట్టిన కర్రను వారం రోజులు వేటకి తీసుకెళ్ళమన్నాను. టేపు నీళ్ళలో నాని, బురద పట్టి, అసహ్యంగా తయారైంది. నొప్పి బాగా తగ్గిందన్నారు. మర్నాడు సీసా మూత వచ్చిందా అని అడిగాను. వచ్చిందన్నారు. నాకు కావలసిన కొలమానం ఆ మూతే.

బరువు పెరుగుతుందేమోనన్న భయం ఆయనకుంది. లెక్క వేసి చూపించాను. 30 సెంటీమీటర్ల పొడవు, సగటున 22 మిల్లీమీటర్ల లావు పిడిలో, కర్ర పోగా, కార్కు దాదాపు 85 ఘనపు సెంటీమీటర్లు. సగటు 28 చేస్తే 155. ఘనపు సెంటీమీటరుకి 0.2 గ్రాము వేసుకుంటే 17 గ్రాములు, 31 గ్రాములు. తేడా 14 గ్రాములు. అదీ చెయ్యి పట్టే చోటే కాబట్టి కర్ర కొస బరువేమీ మారదు.

కొత్త పిడి, మొదటిది పగలడం

అర అంగుళం మందం, అంగుళంపావు వ్యాసం, మధ్యలో పావు అంగుళం బెజ్జం ఉన్న బిళ్ళలు ముప్ఫై తెప్పించాను. కావలసింది 24. మిగతావి ఏరి పక్కన పెట్టడానికి. నేను ఎక్కువ సేపు గడిపేది ఈ ఏరుడు దగ్గరే, చూసేవాళ్ళకి అది పనిలా కనబడదు. బిళ్ళ ముఖం మీద తయారయ్యాక ఉండే వ్యాసానికి పెన్సిల్‌తో గుండ్రం గీస్తాను. గుంట ఆ గీతకి బయట ఉంటే లేతు మీద పోతుంది. బాగా లోపల, బెజ్జం దగ్గర ఉంటే ఎవరికీ కనబడదు. గీత మీదే ఉన్నది మాత్రం చేతికి తగిలి తీరుతుంది. అలాంటి బిళ్ళల్ని వెనక కొసకి పంపాలి, లేదా పారెయ్యాలి. పైకి మచ్చ లేనట్టు మెరిసే బిళ్ళ లోపల గుల్లగా ఉండటం, పైన వికారంగా ఉన్నది 28 గీత దగ్గర గట్టిగా ఉండటం చాలాసార్లు చూశాను. పక్కపక్క బిళ్ళల గుంటలు ఒకే వరసలోకి రాకుండా తిప్పి పేర్చుకోవాలి.

జిగురు ఈసారి ఎపాక్సీ వద్దనుకున్నాను. నీటిని తట్టుకునే రకం చెక్క జిగురు తీసుకున్నాను. ఆరాక కూడా ఎపాక్సీ అంత గట్టిపడదు, కార్కుతో పాటు అరుగుతుంది. వేలితో పల్చగా, కింద కార్కు రంగు కనబడేంత పల్చగా, రెండు ముఖాలకీ రాశాను. 6 మిల్లీమీటర్ల థ్రెడ్ రాడ్డుకి కొవ్వొత్తి రుద్ది, దాంట్లోకి బిళ్ళలు గుచ్చి, రెండు చివర్లా వాషర్లు, నట్లు వేసి బిగించాను. ఇక్కడ చెయ్యి ఆపుకోవాలి. కార్కును నిలువునా నొక్కితే పక్కలకి ఉబ్బదు, అలా కిందికి పోతూనే ఉంటుంది, కాబట్టి ఎంత బిగించామో కంటికి తెలియదు. 24 బిళ్ళలు కలిపి 305 మిల్లీమీటర్లు. 302కి రాగానే, అన్ని అతుకుల దగ్గరా జిగురు సన్నగా చెమర్చగానే ఆపేశాను.

ఆరడానికి మూడు రోజులు. శ్రావణమాసం, మా వైపు గాలిలో తేమ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. దానికితోడు ఈ రకం జిగురు అందులో ఉన్న నీరు బయటికి పోతేనే గట్టిపడుతుంది. రెండు వైపులా నీటిని పోనివ్వని కార్కు మధ్య ఇరుక్కున్న జిగురులో నీరెటు పోవాలి? చెక్కకి ఒక రాత్రి చాలింది కదా అని కార్కుని మర్నాడే లేతు ఎక్కిస్తే, అంచు ఆరి నడిమధ్య పచ్చిగా ఉండి విడిపోతుంది. ఇది వేరే పిడి మీద ఎప్పుడో నేర్చుకున్నాను కాబట్టి ఇక్కడ తప్పించుకున్నాను.

తప్పించుకోలేనిది తరవాత వచ్చింది. కర్ర మొదలు 12 మిల్లీమీటర్లు, 30 సెంటీమీటర్లు పైకెళ్ళేసరికి పదిన్నర. బిళ్ళల బెజ్జం ఆరుంపావు. దాన్ని ఆ వాలుకి తగ్గట్టు పెంచాలి. గుండ్రటి ఆకురాయితో పెంచాను. లోపల ఎక్కడ ఎంత తీశానో కనబడదు, పొడవాటి గొట్టంలో చెయ్యి ఒక పక్కకే లాగుతుంది. తొడిగి చూస్తే గమ్యానికి 4 సెంటీమీటర్ల ముందు ఆగింది. కొద్దిగా బిగువుంటేనే మంచిది, జిగురు రాస్తే జారి వెళ్ళిపోతుందిలే అనుకున్నాను. ఎపాక్సీ రాసి తోశాను. రెండు సెంటీమీటర్లు వెళ్ళి నిలిచిపోయింది. జిగురు బిగుసుకుంటోంది, గుండె దడ. కర్ర మొదలు నేలకానించి రెండు చేతులా బలంగా నొక్కాను. టప్పున శబ్దం. ముందు నుంచి అయిదో బిళ్ళా ఆరో బిళ్ళా గుంట వెంబడి నిలువునా చీలాయి.

కట్టు కట్టి, చీలిక అతికించి ఇచ్చెయ్యొచ్చు. బయటికి కనబడకుండా చెయ్యగలను కూడా. కానీ చీలింది చూపుడువేలు కింద, సన్నగా చెయ్యాల్సిన చోట. అక్కడ నాలుగు మిల్లీమీటర్ల గోడే మిగులుతుంది. పెద్ద చేప ఎత్తినప్పుడు తెరుచుకునేది సరిగ్గా అక్కడే. మొత్తం కోసి తీసేశాను. మాస్టారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "నా కర్ర బాగానే ఉందా?" అన్నారు. కర్రకేం కాలేదు. "ఇంకేం మరి" అని పెట్టేశారు.

కుదిరింది

రెండోసారి బిళ్ళలు వచ్చేసరికి భాద్రపదం. మార్చినవి మూడు.

బెజ్జానికి ఆకురాయి పక్కన పెట్టాను. అదే వాలున్న పాత రాడ్ మొదలు ముక్క ఒకటి వెతికి, దాని చుట్టూ 60 నంబరు ఉప్పుకాగితం పట్టీ ఏటవాలుగా చుట్టి అతికించాను. అది లోపల పెట్టి తిప్పుతుంటే బెజ్జం కర్ర వాలుకే తయారవుతుంది. పది తిప్పులకోసారి తీసి, పొడి ఊది, కర్ర మీదికి తొడిగి చూడటం. రెండు వేళ్ళ బలంతో గమ్యానికి 5 మిల్లీమీటర్ల దగ్గరకి వచ్చేదాకా జిగురు డబ్బా మూత తియ్యలేదు. కర్రకి అతికించడానికి మాత్రం ఎపాక్సీయే వాడాను, నెమ్మదిగా గట్టిపడే రకం. ఇక్కడ జిగురు గట్టిగా ఉండటం వల్ల నష్టం లేదు, అరగాల్సిన పని లేదు కదా.

రెండోది, ఆకారం రెండు విడతలు చేశాను. మొదట థ్రెడ్ రాడ్డు మీదే, బెజ్జం ఇంకా మధ్యలోనే ఉన్నప్పుడు, కావలసినదానికన్నా మిల్లీమీటరున్నర ఎక్కువ ఉంచి తిప్పాను. చివరి మిల్లీమీటరున్నర కర్ర మీద అతికించాక, మాస్టారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని తీశాను. కర్రకి పిడి అంచు దగ్గర మాస్కింగ్ టేపు నాలుగు పొరలు చుట్టాలి, లేకపోతే ఉప్పుకాగితం జారి ఫైబర్‌ని కోసేస్తుంది. కాగితాన్ని వేళ్ళతో పట్టుకోలేదు. పలక లాంటి సన్నటి చెక్కపట్టీకి అతికించి, కొత్త కాగితం పదే పదే మారుస్తూ, తేలిగ్గా ఆనించాను. గట్టి పట్టీకి మెత్తన ఎక్కడ, గట్టి ఎక్కడ అన్న తేడా తెలియదు, రెండింటినీ సమంగా కోస్తుంది. 320 దగ్గర ఆపేశాను. అంతకన్నా నునుపు చేస్తే గరుకు పోతుంది.

మూడోది రీలు కాలు. లోహపు రింగులు బిగించే రెండు చోట్లా మామూలు కార్కు బదులు రబ్బరు కలిపిన కార్కు పెట్టాను. దీనికి ఆన్‌లైన్ అక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్లకి గాస్కెట్లు కోసే షీటు అదే. 6 మిల్లీమీటర్లది కొని బిళ్ళలు కోసి, రెండేసి కలిపి పేర్చాను. బరువు ఎక్కువే, కానీ రింగు కింద నలగదు. కాలు ఆనే చోట గుండ్రాన్ని మిల్లీమీటరు మేర చదును చేశాను. గుండ్రటి దాని మీద చదును కాలు నిలబడాలంటే ఎంత బిగించినా ఊగుతుంది. పాతదాంట్లో రీలు తిరగడానికి సగం కారణం ఇదేనని అప్పుడు తట్టింది.

చివరికి కొలతలు ఇలా వచ్చాయి: చూపుడువేలు కింద 19, రీలు కాలు దగ్గర 23, అరచేతి గుంటలో 30, దాని వెనక నడుములా 24, ఎడమచెయ్యి పట్టే కొస దగ్గర 28. లేతు మీద నుంచి దింపాక అరచేతి ఉబ్బును ఒక పక్క కాస్త చేత్తో రుద్ది కోలగా చేశాను, ఆయన బొటనవేలి కండ అటు ఆనుతుంది కాబట్టి. లేతు గుండ్రమే ఇస్తుంది, చెయ్యి గుండ్రం కాదు.

గుంటలు పెద్దవి అయిదే ఉన్నాయి. కార్కు పొడి, అదే చెక్క జిగురు కలిపి నింపాను. కాస్త ముదురు రంగు వచ్చింది, వచ్చినా ఊరుకున్నాను. చిన్న గుంటలు వదిలేశాను. వార్నిష్ ముందు కొసకీ వెనక కొసకీ మాత్రం, మిగతా అంతా ఒట్టి కార్కు. వెనక మూతకి అంకుడు కర్ర తిప్పి ఎర్ర లక్క అద్ది, మొగలి రేకుతో మెరుగు పెట్టాను. దాని అవసరం ఏమీ లేదు, నా సరదా.

ఆ తరవాత

పని పుస్తకంలో ఇప్పుడు "సమస్య" అన్న గడి పక్కన ఇంకో గడి గీశాను. మనిషి ఏం అనుభవించాడు, దానికి కారణం ఏమనుకుంటున్నాడు అన్నవి వేరువేరు రాస్తాను. గుడ్డ టేపు చుట్ట ఒకటి లేతు పక్కనే వేలాడుతుంటుంది. టేపుతో వారం తిరిగి రానివాళ్ళకి కొత్త పిడి మొదలెట్టను. కొందరు విసుక్కుని వెళ్ళిపోయారు కూడా, అది నా వ్యాపారానికి నష్టమే. వార్నిష్ అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మెరుపు కావాలంటారు. ఒకే కార్కు ముక్కని సగం పూసి సగం వదిలేసి పెట్టుకున్నాను, బక్కెట్లో ముంచి చేతికిస్తాను. ఎక్కువమంది మాట మార్చుకుంటారు.

బొటనవేలి నొప్పి పూర్తిగా పోలేదు. గంటన్నర దాటితే మొదలవుతుందంటారు మాస్టారు. అది కీలుకి సంబంధించినది. వైద్యుడికి చూపించమని చెప్పాను, చూపించుకున్నారు. పిడి చెయ్యగలిగింది పిడి చేసింది.

ఎనిమిది నెలలకి ఒకసారి కర్ర తెచ్చారు, పిడి నల్లబడిందని. గోరువెచ్చటి సబ్బునీళ్ళతో, మెత్తటి స్పాంజితో కడిగాను, చాలావరకు తేటపడింది. కడుగుతుంటే వేలికి ఒక గీత తగిలింది. వెనక నుంచి ఏడో అతుకు, నడుము మొదలయ్యే చోట, వెంట్రుక మందాన లేచింది. అక్కడ జిగురు కాస్త ఎక్కువ పడి ఉంటుంది. ఉప్పుకాగితం పట్టీ తీసుకున్నాను.

"దాన్ని ముట్టుకోకు" అన్నారాయన. తెల్లవారకముందే గట్టుకి చేరతారు కదా, చీకట్లో ఎడమచెయ్యి ఎక్కడ ఆనించాలో ఆ గీతే చెబుతోందట.

పట్టీ మళ్ళీ బల్ల మీద పెట్టేసి, పిడి తుడిచి ఇచ్చాను.